వారిక్ కోటలో పిల్లలతో ఒక రోజు

ఇంగ్లండ్‌లో పిల్లలున్నవాళ్ళు ఒక్క కోటే చూడాలంటే నేను వారిక్ కాజిల్ పేరే చెప్తా. 1068లో ఇంగ్లండ్ రాజు విలియం ది కాంకరర్ ఏవన్ నది ఒడ్డున మొదట చెక్కతో కట్టించాడు, రాతి గోడలు తర్వాత వచ్చాయి. మా అత్తయ్యగారిని కింద పచ్చిక మీద కూర్చోబెట్టి మేం గైస్ టవర్ ఎక్కేశాం, 39 మీటర్ల ఎత్తు, ఇరుకు మెలికల మెట్లు, పైనుంచి నదీ ఊరూ అన్నీ కనిపిస్తాయి.

అసలు సంబరం పక్షుల షోనే. డేగలు, గుడ్లగూబలు, రాబందులు మన తలల మీదుగా రివ్వున వెళ్తుంటే మా చిన్నాడు "నానమ్మా వంగు వంగు" అని ఒకటే అరుపులు, ఆవిడేమో వంగకుండా చప్పట్లు కొడుతూ కూర్చున్నారు, ఆవిడ అంత నవ్వడం చూసి నాకు ఎంత హాయిగా అనిపించిందో!

తర్వాత గుర్రాల మీద ఈటెల పోటీ. పదిహేనో శతాబ్దంలో ఇంగ్లండ్ సింహాసనం కోసం కొట్టుకున్న రెండు రాజవంశాల కథ అది: ఎర్ర గులాబీ లాంకాస్టర్ వాళ్ళది, తెల్ల గులాబీ యార్క్ వాళ్ళది, మా పాప ఎర్ర జట్టు. అప్పటి ఈ కోట దొర రిచర్డ్ నెవిల్ అయితే ముందు యార్క్ వైపుండి తర్వాత లాంకాస్టర్ వైపు మారి 1471లో బార్నెట్ యుద్ధంలో చనిపోయాడు, అది చెప్తే పాప చాలాసేపు ఆలోచించింది.

వెళ్ళేవాళ్ళు గేటు దగ్గరే షో టైమింగ్స్ చూసుకోండి, పులిహోర కట్టుకెళ్ళండి.