ఫ్లెక్సీ ఒక్కటి వద్దండి

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో బయాలజీ చెబుతాను. కౌమార దశ పాఠం ఎనిమిదో తరగతిలో వస్తుంది. మా ఆడపిల్లల్లో చాలామంది ఆరులోనో ఏడులోనో పెద్దమనిషి అయిపోతారు. అంటే భయం ముందు, పాఠం తర్వాత.

పోయినేడాది ఏడో తరగతి అమ్మాయి ఒకరు పన్నెండు రోజులు మానేసి బడికి వచ్చింది. ప్రశ్న పూర్తికాకముందే లేచి నిలబడే పిల్ల, ఆ రోజు "కూర్చునే చెప్తాను మేడమ్" అంది. చున్నీకి అటు రెండు, ఇటు రెండు పిన్నీసులు. బ్యాగు ఒళ్లో పెట్టుకుని గట్టిగా పట్టుకుంది.

సంగతేమిటో తర్వాత తెలిసింది. రావిచెట్టు సెంటర్లో వాళ్ల నాన్న ఓణీల వేడుక ఫ్లెక్సీ కట్టించాడు, పిల్ల నిలువెత్తు ఫొటోతో. బడికి దారి అదే. క్లాసులో మగపిల్లలంతా చూశారు. ఆయన ముద్దుకొద్దీ చేసిందే. చాప మీద కూర్చోబెట్టి చిమ్మిలి తినిపించిన అమ్మమ్మదీ ప్రేమే. కానీ తనకేం జరిగిందో ఆ పిల్లకే ఇంకా సరిగ్గా తెలియదు, ఊరందరికీ మాత్రం తెలిసిపోయింది.

ఇంకోటి చూశాను. వాటర్ బాటిల్ నిండుగా తెచ్చి, సాయంత్రం నిండుగానే తీసుకెళ్తోంది. నీళ్లు తాగితే బాత్రూమ్‌కి వెళ్లాలి, వెళ్తే అందరూ తననే చూస్తారని. మధ్యాహ్నానికి తలనొప్పి. ఇలా నీళ్లు మానేసే పిల్లలు ప్రతి క్లాసులో ఉంటారు. అమ్మలూ, దయచేసి బాటిల్ ఒకసారి చూడండి.

తర్వాత రెండు నెలలు పీరియడ్ రాలేదట. "నాకేమైనా జబ్బా మేడమ్?" అని ల్యాబ్ బయట అడిగింది. ఇంట్లో అడగలేదా అంటే, "అమ్మ టెన్షన్ పడుతుంది" అంది. నాకు గొంతు పట్టేసింది. మొదటి ఒకటి రెండేళ్లు ఇలా వెనకా ముందూ అవుతుందని, 21 రోజులకీ రావచ్చు, 45 రోజులకీ రావచ్చని, మూడు నెలలు దాటితే అప్పుడు డాక్టరుకి చూపిద్దామని చెప్పాను. పాకెట్ క్యాలెండర్ ఇస్తే పెన్సిల్‌తో, ఎవరికీ కనపడనంత చిన్న చుక్క పెట్టుకుంది.

ఈ జూన్‌లో పాఠం కోసం ఆగలేదు. ఆరు, ఏడు తరగతుల ఆడపిల్లల్ని ల్యాబ్‌లో కూర్చోబెట్టి, ప్యాడ్ విప్పి, ఎలా పెట్టుకోవాలో, ఎన్ని గంటలకి మార్చుకోవాలో చూపించాను. "ఆ రోజుల్లో ఖోఖో ఆడొచ్చా?" అని ఒకరు అడిగారు. ఒంట్లో బాగుంటే హాయిగా ఆడొచ్చని చెప్పాను.

నిన్న ఇంకో నాన్న స్టాఫ్‌రూమ్‌కి శుభలేఖ తెచ్చారు. "ఫంక్షన్ బాగా చేసుకోండి, ఫ్లెక్సీ ఒక్కటి వద్దండి, పోనీ అమ్మాయినే అడగండి" అన్నాను. "అమ్మాయినా?" అని కాసేపు ఆగి, అడుగుతానన్నారు.