సారంగ్‌ఖేడా సంతలో ఒక నాల్‌బంద్

ధూలే స్టాండులో షహాదా బస్సు ఎక్కేసరికే సీట్లు నిండిపోయాయి. మార్గశిర పౌర్ణమి దగ్గరపడితే, మహారాష్ట్రలో సారంగ్‌ఖేడా గుర్రాల సంతకు వెళ్లే ఈ రూట్‌లో ఎస్టీ బస్సులు, అంటే అక్కడి ఆర్టీసీ, ఇంతే. కాచిగూడలో అజంతా రైలు ఎక్కి, మన్మాడ్‌లో దిగి, మళ్లీ బస్సు పట్టుకుని వచ్చిన అలసటంతా కాళ్లలోనే ఉంది. పక్కన నిలబడ్డ కుర్రాడు నా ఫోన్‌లో తెలుగు అక్షరాలు చూసి, "అన్నా, మీరు కూడా గుర్రాల సంతకేనా?" అన్నాడు. జహీరాబాద్ వైపు పిల్లాడు. ఆరడుగుల ఎత్తు, 75 కిలోలకు తగ్గడు. పెళ్లి ఊరేగింపు గుర్రాల వెంట తిరిగి తిరిగి ఇంటర్‌తో చదువు ఆపేశాడట.

"జాకీ అవ్వాలంటే ఎవర్ని కలవాలన్నా?"

దొండాయిచా దాటేదాకా ఆ మాటే నడిచింది. రేసులో గుర్రం మోసే బరువు జీనుతో కలిపి ఎక్కువగా 50, 60 కిలోల మధ్యే. ఇంత ఒడ్డూ పొడుగూ ఉన్నవాడు కడుపు మాడ్చుకున్నా ఆ లెక్కలోకి రాడు. మలక్‌పేట రేసుకోర్సులోనైనా ఇంకెక్కడైనా అంతే. గుర్రాల్ని చూసుకునే సైసు పని ఉంది, సవారీ నేర్పే పని ఉంది, చదువుకుంటే పశువైద్యం ఉంది. వాడి ముఖం చిన్నబోయింది. గుర్రమంటే ప్రాణం అనేవాళ్ల చూపు ముందు జీను మీదికే పోతుంది. మనిషి కరువంతా కింద, గిట్టల దగ్గర. లాడం సరిగ్గా కొట్టేవాడు దొరక్క మన దగ్గర సిమెంటు రోడ్ల మీద కుంటుతూ ఊరేగే గుర్రాల్ని చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

తాపీ ఒడ్డున ఏకముఖి దత్తుడి గుడి చుట్టూ సంత. గదికి 1,800 అడిగారు, వేడినీళ్లు కూడా లేవు. కట్ట చొప్ప ధర విన్నాక గుర్రాలు కట్టేసుకున్నవాళ్లను చూసి జాలేసింది. చెవుల కొనలు ఒకదానికొకటి తగిలే మార్వాడీ గుర్రాలు, కాఠియావాడీలు, పాలలా తెల్లటి నుక్రాలు. చూసినంతసేపు కళ్లు చాలలేదు. కొనేవాళ్లు మాత్రం ఎత్తు అంగుళాల్లో కొలుస్తారు, ఒంటి మీద సుడులు వెతుకుతారు, డోలు కొట్టి ఆడిస్తారు, నోరు తెరిపిస్తారు. వయసు తెలియాలంటే నోరు చూడాల్సిందే. రెండున్నరేళ్లకు ముందరి మధ్య పళ్లు మారతాయి, మూడున్నరకు వాటి పక్కవి, నాలుగున్నరకు చివరివి. 5 ఏళ్లకు నోరు నిండుతుంది. 10 దాటితే పై చివరి పంటి మీద చిగురు దగ్గర గాడి మొదలై, 15కి సగం దాకా, 20కి పంటి కొస దాకా దిగుతుంది. ఇంత చూసి లక్షలు పోసేవాళ్లలో కాలు ఎత్తి గిట్ట అడుగు చూసినవాళ్లు నాకు ఇద్దరే కనిపించారు. రక్తపరీక్ష కాగితం అడిగినవాళ్లు ఇంకా తక్కువ. గ్లాండర్స్ అనే అంటురోగం ఉన్నట్టు తేలితే ఆ గుర్రాన్ని చంపేయక తప్పదు, మనుషులకు కూడా అంటుతుంది. కాగితం లేని గుర్రాన్ని లారీ ఎక్కించకూడదు.

వేపచెట్టు కింద ఒక ముసలి నాల్‌బంద్, అంటే లాడాలు కొట్టేవాడు. రెండు రోజులూ నేను అక్కడే కూర్చుండిపోయాను. నాలుగు కాళ్లకు 600 తీసుకుంటున్నాడు. ఆ పనికి అది తక్కువే.

ముందు గుర్రాన్ని నడిపించి చూస్తాడు. తర్వాతే కాలు ఎత్తుతాడు. పాత మేకుల మడతలు విప్పి, మడమ వైపు నుంచి ముందుకు పటకారుతో లాడం ఊడదీస్తాడు. మడతలు విప్పకుండా గుంజితే గిట్ట గోడ పెళ్లలుగా లేచిపోతుంది. పెరిగిన అంచు కత్తిరించి ఆకురాయితో చదును చేస్తాడు. గిట్ట నెలకు సెంటీమీటరుకు కాస్త అటూ ఇటూ పెరుగుతుంది కాబట్టి ఐదారు వారాలకు ఒకసారి ఈ పని తప్పదు. గిట్టకు తగ్గట్టు లాడాన్ని కొట్టి వంచుతాడు. చాలామంది చేసేది దీనికి తలకిందులు. చేతిలో ఉన్న చిన్న లాడం కొట్టేసి, బయటికి మిగిలిన గిట్టను రాకేస్తారు. పై మెరుపు పొర పోయి గిట్ట ఎండి బీటలు వారేది అందుకే.

మేకులు బయట వైపు 4, లోపల వైపు 3. అన్నీ ముందు భాగంలోనే. అడుగు వేసినప్పుడు మడమ విచ్చుకోవాలి, అక్కడ మేకు పడితే బిగుసుకుపోతుంది. మేకు మొన ఒక పక్క ఏటవాలుగా ఉంటుంది. ఆ పక్క లోపలికి ఉంటేనే మేకు బయటికి తిరిగి, లాడానికి ముప్పావు అంగుళం పైన తేలుతుంది. తిరగేసి కొడితే నేరుగా మాంసంలోకే. "చెవి పెట్టు భాయ్" అన్నాడు. గట్టి గోడలో దిగే మేకు ఖంగుమంటుంది, మెత్తటి చోటికి పోతే చప్పుడు చచ్చిపోతుంది.

మన వానల సంగతి చెప్పాను. తడి పెంటలో నిలబడ్డ గుర్రానికి గిట్ట అడుగున మెత్తటి ముక్కోణపు భాగం నల్లబడి కుళ్లు కంపు కొడుతుంది. రోజూ గీకి శుభ్రం చేసి మైలుతుత్తం నీళ్లు పోయాలి, పక్క పొడిగా ఉంచాలి. నాల్‌బంద్ చాచా కూడా అదే అన్నాడు.

రెండో రోజు సాయంత్రం జహీరాబాద్ పిల్లాడు వచ్చాడు. చాచా వాడికి ఒక బూడిదరంగు ఆడగుర్రం కాలు అప్పగించాడు. వాడు కాలు బాగా పైకెత్తి పట్టుకున్నాడు, అది బరువంతా వాడి మీద వేసింది. "పైకి కాదు బేటా, దాని కడుపు కిందికే ఉండాలి. నీ భుజం దానికి ఆనించు" అన్నాడు చాచా. గుర్రం నెమ్మదించింది. నలభై గుర్రాల ఖాతా కుదిరితే వారానికి ఏడెనిమిది గుర్రాలు వస్తాయి, నడుము నిలబెట్టుకున్నవాడికి బతుకు గడుస్తుంది అని నేను లెక్క చెబుతుంటే వాడు తల ఊపాడు, కళ్లు మాత్రం గిట్ట మీదే.

లాడాలు అయ్యాక గట్టి నేల మీద నడిపించారు. చాచా తల వంచి చప్పుడు విన్నాడు. ముందు ఎడమ కాలు తేలిగ్గా పడుతోంది. మేకులు ఒక్కొక్కటే తట్టాడు, లోపలి వైపు రెండోదాని దగ్గర అది కాలు గుంజుకుంది. ఊడదీసి మొన చూశాడు. తడి లేదు, పొడిగానే ఉంది. గుచ్చుకోలేదు, మాంసానికి మరీ దగ్గరగా దిగి నొక్కిందంతే. రంధ్రంలో అయోడిన్ పోసి ఖాళీగా వదిలేశాడు. ఆ కాలికి డబ్బు రేపు చూసి తీసుకుంటానన్నాడు.

పొద్దున ఆరింటికి నేను వెళ్లేసరికి ఆ పిల్లాడు అప్పటికే గుర్రం పక్కన గొంతుక్కూర్చుని, ఆ గిట్ట మీద ఒక అరచెయ్యి, రెండో గిట్ట మీద ఒక అరచెయ్యి ఆనించి వేడి పోల్చి చూస్తున్నాడు.