పాత తపాలా బిళ్ళల ఛాయలు: పేరు పెట్టే ముందు చూడవలసినవి

పాత తపాలా బిళ్ళల కేటలాగు తెరిస్తే ఒకే బొమ్మ, ఒకే విలువ కింద నాలుగైదు ఛాయల పేర్లు వరుసగా కనిపిస్తాయి. వాటి పక్కన ఉన్న ధరల మధ్య మాత్రం ఒక్కోసారి వందల రెట్ల తేడా ఉంటుంది. 1861లో అమెరికా విడుదల చేసిన మూడు సెంట్ల వాషింగ్టన్ బిళ్ళ దీనికి పేరుపడ్డ ఉదాహరణ. దాని మామూలు గులాబీ ఛాయ ఎక్కడైనా చవకగా దొరుకుతుంది. తొలినాళ్ళ ముద్రణలో వచ్చిన ‘పిజియన్ బ్లడ్ పింక్’ (పావురపు నెత్తురు గులాబీ) ఛాయ మాత్రం మహా అరుదు. తమ దగ్గర ఉన్నది అదేనని నమ్మేవారి సంఖ్య చూస్తే అరుదైనదని ఎవరూ అనుకోరన్నది వేరే సంగతి.

చాలామంది బిళ్ళ చేతికి రాగానే రంగుల పట్టీ పక్కన పెట్టి, ఏ గడితో సరిపోతే ఆ పేరు రాసేస్తారు. నా ఉద్దేశంలో ఈ వరుస పూర్తిగా తలకిందులైనది. ఈ సిరా ముద్రణాలయం నుంచి ఇదే రంగుతో బయటికి వచ్చిందా, లేక తర్వాత మారిందా అన్నది మొదట తేల్చుకోవాలి. ఆ తర్వాతే పోలిక, ఆ తర్వాత తేదీ, అన్నిటికన్నా చివర పేరు.

మారిన రంగుల్లో అన్నిటికన్నా ఎక్కువగా మోసం చేసేవి సీసం కలిసిన సిరాలు. పంతొమ్మిదో శతాబ్దపు నారింజ, ఎరుపు బిళ్ళలు కొన్ని గాలిలోని హైడ్రోజన్ సల్ఫైడ్ తగిలి గోధుమ రంగుకు, ఆపై దాదాపు నలుపుకు తిరుగుతాయి. సిరాలోని సీసం నల్లటి లెడ్ సల్ఫైడ్‌గా మారడమే దీనికి కారణం. సంగ్రాహకుల వాడుకలో దీన్ని ఆక్సీకరణం అనేస్తారు గానీ రసాయనికంగా అది తప్పు. నల్లబడ్డ సిరాను హైడ్రోజన్ పెరాక్సైడ్ తిరిగి తేటపరుస్తుందంటే, అది లెడ్ సల్ఫైడ్‌ను ఆక్సీకరించి తెల్లటి లెడ్ సల్ఫేట్‌గా మార్చడం వల్లనే. ఇలాంటి బిళ్ళను పది రెట్లు పెంచి చూపే భూతద్దం కింద పెడితే చాలావరకు గుట్టు బయటపడుతుంది. నలుపు ఒకే తీరున పరుచుకోకుండా, కొన్ని గీతల మీద దట్టంగా, పక్కనే ఉన్న గీతల్లో అసలు నారింజ ఇంకా మిగిలి కనిపిస్తుంది. ముద్రణాలయంలోనే ముదురు గోధుమ సిరా వాడి ఉంటే ఆ మచ్చలతనం ఉండదు. పెరాక్సైడ్ ప్రయోగం ప్రతి సిరాకూ క్షేమం కాదు; చేసిన పక్షంలో ఆ సంగతి కొనేవారికి చెప్పి తీరాలి.

నీటితో మారేవి ఇంకో జాతి. బిళ్ళ మీద కొట్టిన తపాలా ముద్రను కడిగేసి మళ్ళీ వాడుకునే మోసాన్ని ఆపడానికి బ్రిటిష్ తపాలాశాఖ తడి తగిలితే కరిగిపోయే సిరాలను కావాలనే వాడింది. 1881 నాటి ఒక పెన్నీ లైలాక్ (లేత ఊదా) బిళ్ళ, 1883–84 నాటి లైలాక్, ఆకుపచ్చ వరుస ఆ కోవలోవే. ఆ వరుసలోని ఆకుపచ్చ బిళ్ళను కవరు మీద నుంచి నీళ్ళలో నానబెట్టి ఊడదీస్తే రంగు వెలిసి, పసుపు పచ్చనో పాలిపోయిన నీలమో మిగులుతుంది. అందువల్ల ఈ వరుసలో లేత ఛాయ దొరికిందని ఎవరైనా చూపిస్తే నేను ముందుగా వెనక్కి తిప్పి జిగురు జాడ, కాగితం పొంగు చూస్తాను. ప్రష్యన్ నీలం అనే ముదురు నీలి రంగుద్రవ్యానికి నీటి కన్నా క్షారంతో ఎక్కువ ప్రమాదం. సబ్బునీళ్ళ వంటివి తగిలితే అది విడిపోయి గోధుమ వైపు తిరుగుతుంది. నీలం, పసుపు కలిపి తయారుచేసిన ఆకుపచ్చల్లో ఈ రెండింటిలో ఏది పోతే బిళ్ళ రెండోదాని వైపు ఒరిగిపోతుంది. ఎండకు వెలిసిన బిళ్ళల విషయంలో మంచి సాక్ష్యం కవర్ల మీదే దొరుకుతుంది. ఒక బిళ్ళ అంచు మీద ఇంకొక బిళ్ళ అతికించిన చోట, కింద దాగి ఉన్న భాగం అసలు రంగును కాపాడుకుని ఉంటుంది, రెంటికీ మధ్య గీత గీసినట్టు తేడా తెలుస్తుంది.

కాగితం ప్రభావాన్ని తక్కువగా అంచనా వేయకూడదు. 1841లో బ్రిటన్ తొలి బిళ్ళ అయిన పెన్నీ బ్లాక్ స్థానంలో వచ్చిన ఎర్రని పెన్నీ రెడ్‌ను తడిపిన కాగితం మీద ముద్రించేవారు. ఆ సిరాలో ప్రష్యేట్ ఆఫ్ పొటాష్ అనే పొటాషియం లవణం ఉండటం వల్ల కాగితం నీలంగా మారేది. నీలి కాగితం మీద ఎరుపు గోధుమగా, మసకగా కనిపిస్తుంది; 1850ల రెండో భాగంలో తెల్ల కాగితం స్థిరపడేసరికి గులాబీ ఎరుపులు తేటగా కనిపించడం మొదలైంది. ఈ బిళ్ళల్లో ముందువైపు ఛాయ గురించి వాదించే ముందు వెనుకవైపు నీలిమ ఎంతుందో చూడటం ఎక్కువ ఉపయోగకరం.

ఇక పోలిక. ఇక్కడ అసలు చిక్కు బిళ్ళది కాదు, వెలుతురుది. బట్టల దుకాణంలో దీపాల కింద జతకుదిరిన రెండు గుడ్డలు బయటికి రాగానే వేరువేరుగా కనిపించినట్టే, వేర్వేరు రంగుద్రవ్యాలతో చేసిన రెండు సిరాలు ఒక దీపం కింద ఒకటిగా, పగటి వెలుగులో రెండుగా కనిపించగలవు. నేరుగా ఎండ పడని కిటికీ వెలుతురు గానీ, 6500 కెల్విన్ల పగటివెలుగు దీపం గానీ వాడాలి, పోల్చే బిళ్ళలన్నిటినీ ఒకే వెలుగులో ఒకే కోణంలో పెట్టాలి. చుట్టూ ఉన్న రంగు కంటిని ఎలా పక్కదారి పట్టిస్తుందో 1839లోనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త షెవ్రల్ వివరించాడు. అందుకే నేను మధ్యస్థ బూడిదరంగు అట్టలో రెండు చిన్న కిటికీలు కోసి, రెండు బిళ్ళల్లో ఒకే డిజైను భాగం మాత్రమే కనిపించేలా పెట్టి చూస్తాను. తెల్లని అంచు, నల్లని తపాలా ముద్ర రెండూ కంటికి అడ్డు రాకుండా పోతాయి. కళ్ళు అలసిన తర్వాత చేసిన నిర్ణయాలకు విలువ లేదు. కొద్ది నిమిషాలకే ఎరుపులన్నీ ఒకటిగా కనిపించడం మొదలవుతుంది.

అట్ట కింద పెట్టాక కూడా వర్ణం వేరు, గాఢత వేరు అన్న ఎరుక ఉండాలి. చెక్కిన పలక నుంచి తీసిన ముద్రణలో రంగంతా సన్నని గీతల్లోనే ఉంటుంది, మధ్య కాగితపు తెలుపే కనిపిస్తుంది. పలక అరిగే కొద్దీ గీతల లోతు తగ్గి, తక్కువ సిరా పట్టి, అదే సిరాతో అచ్చయిన బిళ్ళ లేతగా కనిపిస్తుంది. దాన్ని వేరే ఛాయగా లెక్కించడం సరికాదు. భూతద్దంతో సిరా దట్టంగా కూడిన ఒక మూలను, సాధారణంగా నేపథ్యపు నీడభాగాన్ని, వెతికి పట్టుకుని అక్కడే పోల్చాలి. బ్రిటిష్ కేటలాగు సంస్థ స్టాన్లీ గిబ్బన్స్ వారి రంగుల పట్టీలో 200 రంగులున్నా, అవన్నీ సమంగా పూసిన గడులు కావడం వల్ల గీతల ముద్రణతో నేరుగా సరిపోవు. అది దారి చూపించడానికి పనికొస్తుందే తప్ప తీర్పు చెప్పదు.

తీర్పుకు దగ్గరగా వచ్చేది తేదీ స్పష్టంగా చదవగలిగే తపాలా ముద్ర ఉన్న నమూనా బిళ్ళ. సిరా ప్రతి ముద్రణకూ కొత్తగా కలిపేవారు కనుక ఛాయలు కాలాన్ని అనుసరించి గుంపులు కడతాయి. మొదటి ప్రపంచయుద్ధంలో జర్మనీ నుంచి రంగుద్రవ్యాల సరఫరా నిలిచిపోయి, బ్రిటన్, అమెరికాల బిళ్ళల్లో ఛాయలు ఒక్కసారిగా పెరిగిపోవడం అందరూ ఎరిగినదే. చవక బిళ్ళలనే తేదీల వారీగా పేర్చుకున్న నమూనా పుట ఏ పట్టీ కన్నా మేలైనది. అరుదైన తొలి ఛాయ అంటూ వచ్చిన బిళ్ళ మీద ముద్ర చాలా ఏళ్ళ తర్వాతిదైతే అనుమానించడానికి అదొక్కటే చాలు. వాడని బిళ్ళల్లో ఈ ఆధారం ఉండదు, అందుకే వాటి విషయంలో నాకు పట్టింపు ఎక్కువ.

అనిలిన్ సిరాలకు, అంటే కృత్రిమ రంగులతో చేసినవాటికి, ఇంకొక సౌలభ్యం ఉంది. 1856లో ఇంగ్లీషు రసాయన శాస్త్రవేత్త పెర్కిన్ కృత్రిమ మావ్ (ఊదా) రంగు కనిపెట్టిన తర్వాత పుట్టిన ఈ కుటుంబంలో కొన్ని ఎరుపులు అతినీలలోహిత దీపం కింద వెలుగుతాయి, రంగు కాగితం వెనక్కి కూడా దిగి కనిపిస్తుంది. మామూలు వెలుగులో కవలల్లా ఉన్న రెండు ఎరుపులు అక్కడ విడిపోతాయి.

తెర మీద చూసిన బొమ్మతో మాత్రం ఛాయ నిర్ణయించకూడదు. బ్రిటన్ రాజు ఐదో జార్జి 1935 రజతోత్సవ వరుసలో రెండున్నర పెన్నీల బిళ్ళ మామూలుగా నీలం. రంగు పరీక్ష కోసం ప్రష్యన్ నీలంలో తీసిన కొన్ని షీట్లు పొరపాటున అమ్మకానికి వెళ్ళి అరుదైన ఛాయగా నిలిచాయి. స్కానరు తన సొంత లెక్కతో నీలాన్ని కాస్త ఆకుపచ్చ వైపు తిప్పితే చాలు, మామూలు బిళ్ళ కూడా దాని బంధువులా కనిపిస్తుంది. అంత ధర పెట్టేటప్పుడు నిపుణుల సంఘం ధ్రువపత్రం అడగాలి. వారి దగ్గర సరిపోల్చే నమూనాలతో పాటు ఎక్స్-కిరణాలతో సిరాలోని మూలకాలను గుర్తించే పరికరాలు ఉంటాయి. మిగిలిన బిళ్ళలకు ఆల్బమ్‌లో పెన్సిలుతో ఛాయ పేరు, ఏ తేదీ నమూనాతో పోల్చినదీ రాసుకుంటే సరిపోతుంది. రెండు ఛాయల మధ్య తేలనివాటి కింద నేను రెండు కేటలాగు సంఖ్యలూ రాసి, ధర కట్టేటప్పుడు తక్కువదాన్నే లెక్కలోకి తీసుకుంటాను.