వెలుతురు కనపడుతోందిరా, మళ్ళీ రుద్దు

వర్క్‌షాప్ సార్ పేరు రాయను, మన బ్యాచ్ వాళ్ళకి అక్కర్లేదు. 1992లో పాలిటెక్నిక్ ఫస్టియర్ ఫిట్టింగ్ షాపులో నా వి-ఫిట్టింగ్ ముక్క (ఒక ఇనప ముక్కలో వి గాడి, రెండోది అందులో సందు లేకుండా కూర్చోవాలి) ఆయన చేతిలోంచి ఎన్నిసార్లు వెనక్కొచ్చిందో లెక్కే లేదు. రెండు ముక్కలూ జతచేసి కిటికీ వైపు ఎత్తిపట్టుకుని ఒక కన్ను మూసి చూసేవారు, "వెలుతురు కనపడుతోందిరా, మళ్ళీ రుద్దు" అనేవారు, అంతే, ఇంకో మాట ఉండేది కాదు. ఆకురాయి పట్టీ పట్టీ అరచేతులు బొబ్బలెక్కి మెస్సులో వేడన్నం కలుపుకోవాలంటే చుక్కలు కనిపించేవి. తర్వాత ఈసెట్ (డిప్లొమా వాళ్ళకి బీటెక్ ప్రవేశ పరీక్ష), బీటెక్, 2000 వస్తే కంప్యూటర్లు తేదీలు తప్పుతాయని భయపడ్డ వైటూకే రోజుల్లో అందరిలాగే కంప్యూటర్ కోర్సు, అమెరికా. ఆకురాయి మళ్ళీ పట్టుకుంటానని కల్లో కూడా అనుకోలేదు.

మన బ్యాచ్ సంచిక కోసం ఏదైనా రాయమని ఫోన్ చేసినప్పుడు మనవాడొకడు "అమెరికాలో ఏం సాధించావో రాయరా" అన్నాడు. సాధించిందేం లేదు, ఇంటి లోను ఇంకా నడుస్తూనే ఉంది. కానీ ఒక కారు కట్టాం. మన ఆటోనగర్లో లారీకి బాడీ కడతారు చూడండి, అలా కట్టాం. అదే రాస్తా.

మాది ఒహాయోలో డేటన్ దగ్గర. అక్కడ కెరీర్ సెంటర్లని ఉంటాయి, పదకొండు పన్నెండు తరగతుల పిల్లలు మామూలు చదువుతో పాటు వెల్డింగో, ఆటో మెకానిక్ పనో, నర్సింగో నేర్చుకునే గవర్నమెంటు బళ్ళు. మా అబ్బాయి 2016లో ఆటో మెకానిక్ కోర్సులో చేరతానన్నాడు. ఇంట్లో రెండు వారాలు మాటల్లేవు. తెలుగువాళ్ళంతా తలో వంటకం తెచ్చుకునే పాట్‌లక్‌లో ఒకాయన పులిహోర తింటూ "ఏంటండీ, ఇంత దూరం వచ్చి పిల్లాణ్ణి షెడ్డులో పెడతారా" అన్నాడు, నేను కూడా నవ్వేసి ఊరుకున్నా. నేను డీఎంఈ (మెకానికల్ డిప్లొమా) చదివానని ఆయనకి తెలీదు, నేనూ చెప్పలేదు. అదే నాకిప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

ఆ ఏడాదే వాళ్ళ బళ్ళో స్ట్రీట్ రాడ్ మొదలైంది. స్ట్రీట్ రాడ్ అంటే 1948లో గానీ అంతకు ముందు గానీ వచ్చిన పాత కారు తీసుకుని, బాడీ అందం అలాగే ఉంచి, లోపల ఇంజను, బ్రేకులు, స్టీరింగు అన్నీ కొత్త కాలానివి పెట్టి రోడ్డు మీద తిప్పుకునే బండి. దీనికి అక్కడ 1970 నుంచీ జాతీయ సంఘం ఉంది, కెంటకీలోని లూయీవిల్‌లో పెద్ద జాతర లాంటిది జరుగుతుంది, వేల బళ్ళు వస్తాయి. (మన దగ్గర ఈ పని చేస్తే ఆర్టీవో ఊరుకోడు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉందిగా, కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్ మార్చకూడదని 2019లో సుప్రీంకోర్టు కూడా గట్టిగానే చెప్పింది.) మాకు దొరికింది 1931 ఫోర్డ్ మోడల్ ఎ కూపే (రెండు తలుపుల కారు), ఎవరో రైతు గడ్డి కొట్టంలోంచి తీసి ఉచితంగా ఇచ్చాడు. పిల్లలు కడతారు, రిటైరైన వాళ్ళు నేర్పుతారు, అయ్యాక వేలం వేసి వచ్చిన డబ్బుతో బయటికెళ్ళే ప్రతి పిల్లాడికీ ఒక టూల్ బాక్స్ కొనిస్తారు. అక్కడ మెకానిక్కి షెడ్డు ఓనరు పానాలివ్వడు, ఎవడి పానాలు వాడే తెచ్చుకోవాలి, చేతిలో పానాల్లేక చదివిన పనే మానేసేవాళ్ళు ఉంటారని అక్కడికెళ్ళాకే తెలిసింది.

వాలంటీర్లు కావాలన్నారు. వెళ్ళా. ఇదంతా 501(సి)(3), అంటే అక్కడి పన్ను చట్టంలో ధర్మసంస్థల సెక్షన్, కింద నడిచే ట్రస్టు వ్యవహారం, పార్టులిచ్చినవాళ్ళకి పన్ను మినహాయింపు ఉంటుంది. శనివారాలన్నీ పోతున్నాయిగా, నా పని గంటలు కూడా రాసుకోవచ్చా అని అక్కౌంట్స్ చూసే ఆవిడని అడిగితే నవ్వేసింది, మనిషి శ్రమకి మినహాయింపు లేదు, కారులో వచ్చిపోయిన దూరానికి మాత్రం మైలుకి 14 సెంట్లు వేసుకోవచ్చంది. సరే అనుకున్నా, ఆ లెక్కన మన వర్క్‌షాప్ సార్ జీవితకాలం శ్రమ ఎంత రాస్తారో.

అక్కడ నేర్పే పెద్దాయన డేటన్ పక్కనే మొరెయిన్‌లో జీఎం (జనరల్ మోటార్స్) కార్ల ప్లాంటులో చేసి వచ్చినవాడు. ఆ ప్లాంటు 2008 డిసెంబరులో మూసేశారు, ఇప్పుడు అదే బిల్డింగులో చైనా వాళ్ళు కారు అద్దాలు చేస్తున్నారు. మాట తక్కువ మనిషి. మొదటి శనివారం నా ఐడీ కార్డు చూసి సాఫ్ట్‌వేర్ అని తెలుసుకుని, బాడీకి ఎమరీ పేపరు పట్టే పని ఇచ్చాడు.

తలుపుల కింది భాగం తుప్పుకి పూర్తిగా పోయింది. మనకి సముద్రం గాలికి పట్టినట్టు అక్కడ చలికాలం రోడ్ల మీద మంచు కరగడానికి చల్లే ఉప్పుతో పడుతుంది. కుళ్ళిన రేకు కోసేసి కొత్త ముక్క అతకాలి. వెల్డింగు వరసగా లాగితే రేకు వేడికి అప్పడంలా లేస్తుంది, అందుకని ఇక్కడో చుక్క, చల్లారాక అక్కడో చుక్క, ఒక్క తలుపుకి మూడు శనివారాలు పట్టింది. అయినా తలుపు మూస్తే పైన సందు ఒకలాగా కింద ఒకలాగా ఉంది. పిల్లలు పుట్టీ పెట్టేద్దాం అంటున్నారు. నాకేమైందో తెలీదు, కారు లోపల లైటు పెట్టి షెడ్డు దీపాలార్పమన్నా, బయట మోకాళ్ళ మీద కూర్చుని ఒక కన్ను మూసి చూశా. కింది మూలలో వెలుతురు గీత లావుగా ఉంది, పైకొచ్చేసరికి సన్నం. ఆకురాయి తెమ్మని పై అంచు రుద్దడం మొదలెట్టా, ముందుకు తోసేటప్పుడే బరువు, వెనక్కి వచ్చేటప్పుడు ఎత్తెయ్యాలి, చేతికి ఇరవై నాలుగేళ్ళ తర్వాత కూడా గుర్తుంది. పెద్దాయన పక్కనే నిలబడి కాఫీ తాగుతూ చూస్తున్నాడు. ఎక్కడ నేర్చుకున్నావన్నాడు. విజయవాడ అన్నా. ఆ మరుసటి శనివారం నుంచి రెండో తలుపు నాదే, పక్కన ఇద్దరు పిల్లలు.

ఇక్కడితో ఆపేస్తే నేను హీరోని. కానీ ఇంజను సంగతి కూడా చెప్పాలి. మోడల్ ఎకి అసలు వచ్చేది 40 హార్స్‌పవర్ నాలుగు సిలిండర్లది, మేం పెట్టింది షెవీ (షెవ్రొలే) 350, ఎనిమిది సిలిండర్లది, అంటే 5.7 లీటర్లు, మన మారుతి 800లు ఏడు కలిపితే అంత. ప్లగ్గులకి వరసగా కరెంటు పంచే డిస్ట్రిబ్యూటరు దానికి వెనకాల, ఇంజనుకీ మనం కూర్చునే చోటుకీ మధ్య ఉండే ఫైర్‌వాల్‌కి ఆనుకుని ఉంటుంది, చెయ్యి దూరదు. ఫైరింగ్ ఆర్డరు, అంటే సిలిండర్లు వెలిగే వరస, 1-8-4-3-6-5-7-2, పిల్లలు ఫోన్ నంబరులా అప్పజెప్పేవాళ్ళు. టైమింగ్, అంటే ఏ క్షణంలో నిప్పు పడాలో, నేను పెడతా అని ముందుకొచ్చా. బడి అంతా వచ్చారు, పిల్లల అమ్మానాన్నలు, పులిహోర పెద్దమనిషి కూడా వచ్చాడు. కీ తిప్పితే కార్బ్యురేటర్లోంచి ఢామ్మని మంట! మళ్ళీ తిప్పితే మళ్ళీ ఢామ్మంది. కొత్త క్యామ్ (వాల్వులు తెరిచే కడ్డీ) వేసిన ఇంజన్ని ఊరికే తిప్పుతూ పోతే క్యామ్ అరిగిపోతుందని పెద్దాయన ఆపేశాడు. మావాడు ఒకటో సిలిండర్ ప్లగ్గు ఊడదీసి కన్నం మీద బొటనవేలు పెట్టి, ఇంకొకణ్ణి క్రాంకు (పిస్టన్లని కదిలించే ఇరుసు) చేత్తో తిప్పమన్నాడు. టైమింగ్ గుర్తు దగ్గరికి వచ్చింది, వేలికి గాలి తగల్లేదు. ఇంకో చుట్టు తిప్పించాడు, ఈసారి గాలి వేలిని తోసేసింది. "నాన్నా, నువ్వు ఎగ్జాస్ట్ స్ట్రోక్ మీద పెట్టావు" అన్నాడు, తెలుగులోనే, మెల్లిగా, అందరికీ తెలియకూడదని. అంటే గాలి నొక్కుకునే చుట్టులో కాక, పొగ బయటికి పోయే చుట్టులో నిప్పు పడేట్టు పెట్టానన్నమాట. ఫోర్ స్ట్రోక్ ఇంజన్లో క్రాంకు రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక్క చుట్టు అని వాల్వ్ టైమింగ్ డయాగ్రమ్ గీసి పదికి పది తెచ్చుకున్నవాణ్ణి నేను!

సరిచేశాక ఒక్క తిప్పుకి అందుకుంది. కొత్త క్యామ్ కుదురుకోడానికి ఇరవై నిమిషాలు రెండు వేల ఆర్‌పీఎం పైనే ఉంచాలి, ఆ ఇరవై నిమిషాలూ ఎవరి మాట ఎవరికీ వినపడలేదు, నాకు అదే మంచిదైంది.

2018లో కారు వేలంలో పోయింది, ఇండియానాలో ఎవరో కొనుక్కున్నారు. టూల్ బాక్సులు వచ్చాయి. మావాడు ఇప్పుడు డీజిల్ లారీల మీద పని చేస్తున్నాడు, నాకన్నా ముందే ఇల్లు కొనేట్టున్నాడు.

మొన్న వీడియో కాల్లో అమ్మని అడిగా, నా వి-ఫిట్టింగ్ ముక్క ఉందా అని. ఉందట, రెండు ముక్కలూ కలిపి బీరువా కాలు కింద పెట్టింది, నేల ఎగుడుదిగుడుగా ఉంటేను. కెమెరా కిందకి పట్టి చూపించింది. వెలుతురు కనపడుతూనే ఉంది.