పుర్రెను పట్టుకునేదెవరు?

జూన్, శనివారం

వాషింగ్ మెషీన్ బాగుచేసే అబ్బాయి "దారిలోనే ఉన్నా మేడమ్" అని తొమ్మిదింటికి చెప్పాడు. పదకొండింటికి ఫోన్ చేసినా దారిలోనే ఉన్నాడు. బకెట్లో బట్టలు నానుతున్నాయి, బయట ముసురు పట్టింది. బజారుకి వెళ్దామంటే ఆ మహానుభావుడు సరిగ్గా అప్పుడే వచ్చి తలుపు కొట్టి పోతాడని భయం. ఇలాంటి పొద్దుల్లో నా వేలు దానంతటదే ఫోన్లో ఎల్డర్ సైన్: ఒమెన్స్ అనే ఆట మీదికి పోతుంది.

ఇది మొదట ఎల్డర్ సైన్ అనే పెట్టె ఆట, పాచికలూ కార్డులూ పరుచుకుని ఆడేది. 2011లో అమెరికాలోని ఫాంటసీ ఫ్లైట్ గేమ్స్ వాళ్లు తెచ్చారు, రిచర్డ్ లౌనియస్, కెవిన్ విల్సన్ కలిసి తయారుచేశారు. కాలం 1926. అమెరికా భయానక రచయిత లవ్‌క్రాఫ్ట్ కథల్లో ఉండే ఆర్కమ్ అనే ఊళ్లో ఒక మ్యూజియం. అక్కడ పోగేసిన వింత వస్తువుల వల్ల మన లోకానికీ అవతలి పీడలకీ మధ్య ఉన్న అడ్డు పలచబడుతూ ఉంటుంది. అవతలి పెద్ద రాక్షసుడు నిద్రలేచేలోపు మనం ముద్రలు సంపాదించి తలుపు మూసెయ్యాలి. ఎనిమిది మంది దాకా ఆడొచ్చు, కానీ ఒకరి మీద ఒకరు కాదు. గెలిస్తే అందరం, పోతే అందరం. అదే ఏడాది దాన్ని ఫోన్లోకి కూడా దించారు. అక్కడ మాత్రం మనం ఒక్కళ్లమే, నలుగురు పరిశోధకుల జట్టునీ మనమే నడపాలి.

పెట్టె ఆట మా తమ్ముడిది. డల్లాస్ నుంచి ఒక సంక్రాంతికి తెనాలి తెచ్చాడు. సూట్‌కేసులో దానికి చోటు చెయ్యడానికి నాకు తెస్తానన్న బూట్లు మానేశాడు, అది వేరే సంగతి. పెద్దగదిలో చాప మీద దుప్పటి మడిచి వేసుకుని కూర్చున్నాం. గచ్చు మీద వేస్తే పాచికలు మంచం కిందికి దొర్లిపోతున్నాయని అమ్మే ఆ దుప్పటి ఇచ్చింది.

ఆ పాచికల గురించి చెప్పాలి. ఆకుపచ్చవి ఆరు. ఒక్కోదానికీ మూడు ముఖాల మీద భూతద్దం బొమ్మ, పక్కన ఒకటి, రెండు, మూడు అంకెలు. మిగిలిన మూడింటి మీద కాగితపు చుట్ట, పుర్రె, ఆక్టోపస్ చేతుల్లా మెలికలు తిరిగిన టెంటకిల్స్. మ్యూజియంలో ఏ గదిలోకి వెళ్తే ఆ గది కార్డు మీద ఏ బొమ్మలు పడాలో ఉంటుంది. పడితే సరే. పాచిక పారలేదా, ఒక పాచిక పక్కన పెట్టేసి మిగిలినవాటితో మళ్లీ వెయ్యాలి. ఆరు కాస్తా అయిదు, అయిదు కాస్తా నాలుగు.

ఈ ఆటలో భయం అంతా ఇక్కడే ఉందని నా గట్టి నమ్మకం. పెట్టె మీది రాక్షసులు, పలకడానికి నోరు తిరగని పేర్లు, అవన్నీ పైపై హంగులు. ఆరు పాచికలున్నప్పుడు కనీసం ఒక పుర్రె పడే అవకాశం నూటికి 66 పైనే. అయిదైతే 60కి కాస్త తక్కువ, నాలుగైతే 52, మూడైతే 42. రెండు పుర్రెలు ఒకేసారి కావాలంటే ఆరు చేతిలో ఉన్నా 27కి లోపే. ఈ లెక్కలు నేను తర్వాత కాగితం మీద వేసుకున్నవి. ఆరోజు దుప్పటి మీద కూర్చున్నప్పుడు లెక్క అక్కర్లేకపోయింది. గుప్పిట్లో గలగల తగ్గుతూ వచ్చేది. చివరికి రెండే మిగిలితే శబ్దం కూడా రాదు, ఒకదానికొకటి టిక్కుమంటాయి, అంతే. పక్కన కూర్చున్నవాళ్లు మాటలు ఆపేసేవాళ్లు.

ఫోన్లో పాచికలే లేవు. వాటి చోట మెరిసే గుర్తులు తిరుగుతాయి, ఆగుతాయి. తప్పితే ఒకటి మాయమవుతుంది. చూడ్డానికి చక్కగా ఉంటుంది, సంగీతమూ బాగుంటుంది. చేతికి మాత్రం ఏమీ తెలియదు. ఆరున్నా ఒకటున్నా ఫోన్ బరువు అదే కదా!

అయినా మొత్తం తీసిపారెయ్యను. పెట్టె ఆటలో సగం జీవితం చిల్లర ముక్కలు సర్దడానికే పోతుంది. ఒంట్లో బలానికి ఒకరకం అట్టముక్కలు, మతిస్థిమితానికి ఇంకోరకం, ఆధారాలకి మరోటి, ఇవి కాక గుట్టలుగా కార్డులు. సర్ది, నియమాలు అందరికీ చెప్పి, "ఇప్పుడు పుర్రె లెక్కకొస్తుందా రాదా" అనే తగువు తేల్చేసరికి కాఫీ చల్లారిపోతుంది. ఫోన్ ఆ చాకిరీ అంతా నోరెత్తకుండా చేస్తుంది. అబ్బాయి దారిలో ఉన్నంతసేపట్లో ఒక ఆట అయిపోతుంది.

పోతే, తగువులు కూడా పోయాయి. తెనాలిలో పాచిక దుప్పటి మడతలో ఇరుక్కుని వాలిపోతే మా పిన్ని కూతురు "పుర్రే, పుర్రే" అని కేకలు, తమ్ముడేమో "వాలింది, చెల్లదు" అని రూల్సు పుస్తకం తియ్యడం. కార్డుల మీది ఇంగ్లీషుతో నాకెందుకులే అని అమ్మ గడియారం బాధ్యత తీసుకుంది. ఈ ఆటలో అట్టతో చేసిన గడియారం ఉంటుంది. ఒకరి వంతు అయినప్పుడల్లా ముల్లు మూడు గంటలు జరపాలి, అర్ధరాత్రి కొట్టినప్పుడల్లా ఒక చెడ్డ కార్డు తియ్యాలి. అమ్మ ఆ ముల్లు తిప్పడంలో ఎవరి మొహమూ చూసేది కాదు. కానీ "అమ్మా, ఒక్క నిమిషం, ఆలోచించుకోనీ" అంటే కాసేపు ఆగేది. ఫోన్లో ముల్లు దానంతటదే తిరుగుతుంది, బతిమాలడానికి మనిషి లేడు.

అన్నిటికన్నా నాకు వెలితిగా అనిపించేది ఇంకొకటుంది. పాచికలు తప్పినప్పుడు, పడిన మంచి ముఖం ఒకటి మన కార్డు మీద దాచిపెట్టుకోవచ్చు. అదే గదిలో ఇంకొకళ్లున్నారనుకోండి, వాళ్లు కూడా మన తరఫున ఒక పాచిక పట్టుకుని ఉండొచ్చు. తమ్ముడు నా పుర్రెను తన వైపు లాక్కుని దానిమీద వేలు పెట్టి "ఇది నేను చూసుకుంటా, నువ్వు వెయ్యక్కా" అనేవాడు. నా అదృష్టం కాసేపు వాడి వేలి కింద ఉండేది. కలిసి ఆడే ఆట అనడానికి నాకు తెలిసిన నిదర్శనం అదొక్కటే. మిగిలిన సమయమంతా నేను చెప్పడం, వాళ్లు వినడం. "ఆట అందరిదీ, పెత్తనం అక్కదీ" అని వాడు ఊరికే అనలేదు. ఇప్పుడు ఫోన్లో నలుగురూ నా మాటే వింటారు. ఎదురు చెప్పేవాళ్లు లేని పెత్తనం రెండో ఆటకే చప్పబడింది.

ఇంకో తమాషా. చేత్తో వేసినప్పుడు వరసగా తప్పితే మన చేతినే తిట్టుకుంటాం, మహా అయితే చోటు మారి కూర్చుంటాం. ఫోన్లో తప్పితే ప్రోగ్రామ్ మోసం చేస్తోందనిపిస్తుంది. నేను చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగే, అయినా నాకూ అనిపిస్తుంది! సివిలైజేషన్ అనే కంప్యూటర్ ఆటలు చేసిన సిడ్ మైయర్ 2010లో గేమ్ డెవలపర్స్ సదస్సులో ఇదే చెప్పాడు: మూడుకి ఒకటి చొప్పున తమదే పైచేయిగా ఉన్న యుద్ధంలో ఓడితే ఆడేవాళ్లు ఒప్పుకోరట. జపాన్ వాళ్ల ఫైర్ ఎంబ్లమ్ ఆటలైతే ఇంకో అడుగు ముందుకేశాయి. 2002లో వచ్చిన భాగంతో మొదలుపెట్టి చాలావాటిలో, దెబ్బ తగిలిందో లేదో తేల్చడానికి ఒకటి కాదు, లాటరీలా రెండు సంఖ్యలు తీసి సగటు చూస్తాయి. తెర మీద 90 శాతం అని రాసి ఉంటే లోపల నిజంగా తగిలేది 98 దాకా. మన మనసుకు నచ్చేలా లెక్కనే వంచారన్నమాట. భయపెట్టే ఆటకి ఆ మొహమాటం అక్కర్లేదు. ఇక్కడ లెక్క కఠినంగానే ఉండాలి, కాకపోతే అది కళ్లెదుట దొర్లాలి.

అందుకే నాకు ఇదే కంపెనీ వాళ్ల మరో పెట్టె ఆట మాన్షన్స్ ఆఫ్ మ్యాడ్‌నెస్ పద్ధతి నచ్చింది. 2011లో వచ్చిన మొదటి కూర్పులో ఒకరు రాక్షసుల పక్షాన కూర్చోవాలి, మిగతావాళ్లు వాళ్లతో తలపడాలి. 2016 నాటి రెండో కూర్పులో ఆ కుర్చీ యాప్‌కి ఇచ్చారు. ఏ తలుపు వెనక ఏముందో, ఎవరు ఎటు నుంచి వస్తారో యాప్ చెబుతుంది. ఎనిమిది ముఖాల పాచికలు మాత్రం బల్ల మీదే, మన చేతుల్లోనే. దయ్యం పని యంత్రానికి, పాచికలు మనుషులకి. ఫోన్లోకి దించేవాళ్లు ఎల్డర్ సైన్‌ని కూడా ఇలా పంచి ఉంటే, గడియారం, చెడ్డ కార్డులు, చిల్లర ముక్కల లెక్క ఫోన్‌కి పోయేవి. అమ్మ మాత్రం ఒప్పుకునేది కాదేమో, గడియారం ఆవిడది కదా.

ఒంటిగంటకి ఆ అబ్బాయి వచ్చాడు. డ్రెయిన్ పంపులో ఇరుక్కున్న హెయిర్ క్లిప్ తీసి చూపించి "ఇదే మేడమ్" అన్నాడు. తీసుకున్న డబ్బుకి ఆ క్లిప్పుల డబ్బాలు పది కొనొచ్చు.

సాయంత్రం తమ్ముడు ఫోన్ చేశాడు. ఇదంతా చెబితే నవ్వాడు.

"అయితే అక్కా, పెట్టె నా దగ్గరే ఉందిగా. వీడియో కాల్ పెడదాం. నీ వంతు కూడా నేనే వేస్తా."

"ఒరేయ్, నీ చేత్తో వేస్తే అది నా వంతెలా అవుతుందిరా? ఆరు పాచికలు ఇక్కడే కొనుక్కుంటా. బొమ్మల బదులు అంకెలున్నా ఫర్వాలేదు. ఒకటి, రెండు, మూడు భూతద్దాలు, నాలుగు చుట్ట, అయిదు పుర్రె, ఆరు టెంటకిల్స్. కెమెరా ముందే వేస్తా."

"మరి నీ పుర్రె నేను పట్టుకోవాలంటే?"

"అయిదు నాకు కావాలని చెప్తా. నీ పెట్టెలోంచి ఒకటి తీసి, పుర్రె పైకి తిప్పి, నీ ముందు పెట్టుకో. నేను ఇక్కడ ఒకటి తగ్గించి వేస్తా."

వాడు కాసేపు ఆలోచించి, అలాగైతే ఇద్దరి దగ్గరా కలిపి పాచికలు ఎక్కువైపోతాయి, లెక్క ఎవరు చూస్తారని అడిగాడు. అమ్మని కూడా కాల్‌లోకి తీసుకుందాం, ఆవిడ చూస్తుంది అన్నాను. రేపు రాత్రి మాకు ఎనిమిదిన్నరకి, వాడికి పొద్దున్న పదింటికి.