గడ్డి కోత నడిమి నుంచి బయటికి

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల, నిర్మల్ దిక్కు నుంచి సౌదీ, ఎమిరేట్స్ మజ్రాలకు (అక్కడి పొలాలకు) పోయి ట్రాక్టర్ ఎక్కినవాళ్లకు పివట్ సంగతి చెప్పనక్కర్లేదు. నడుమ నీటి పాయింటు, దాని చుట్టూ చక్రాల మీద తిరిగే పొడుగు పైపు. పైపు 400 మీటర్లుంటే గుండ్రటి మడి దాదాపు 125 ఎకరాలు. అందులో మేతకు వేసే రోడ్స్ గడ్డి, లేదంటే బర్సీం. చుట్టూరా ఇసుకే. కజకిస్తాన్, రష్యా గడ్డిభూముల నుంచి ఎగిరొచ్చే పిట్టకు ఆ ఎడారిలో దిగడానికి తావు ఇదే. పిల్లి గద్దలు మిడతల కోసం దిగుతాయి, కౌజులు దాక్కోవడానికి, తీతువు జాతి పిట్టలు చక్రాల గాడిలో నిలిచిన నీళ్ల కోసం. మార్చి, ఏప్రిల్‌లో ఒకసారి, సెప్టెంబరు నుంచి నవంబరు దాకా ఇంకోసారి రాకపోకలు ఎక్కువ.

ఒప్పందాలకైతే కొదవ లేదు. వలస జీవుల రక్షణకు 1979లో బాన్ నగరంలో ఒప్పందం కుదిరింది, 1983 నుంచి మన దేశం అందులో ఉంది. వలస గద్దల కోసం 2008లో విడిగా ఇంకోటి రాసుకుని ఆఫీసు అబుదాబిలో పెట్టారు. దాని మీద భారత్ 2016లో సంతకం చేసింది. 2024లో సమర్‌కంద్ సభలో, 30 దేశాల మీదుగా పోయే మధ్య ఆసియా పక్షి మార్గానికి సమన్వయ కేంద్రం భారత్‌లో ఉండాలని తీర్మానించారు. మంచిదే. మడిలో దిగిన పిట్ట బతుకు మాత్రం గడ్డి కోసే మోవర్ ఎటు తిరుగుతుందన్న దాని మీదే ఉంది.

అలవాటుగా అందరూ బయటి అంచున మొదలుపెట్టి లోపలికి కోసుకుంటూ పోతారు. కౌజు అదిరితే వెంటనే ఎగరదు, నిలబడి ఉన్న గడ్డిలోకే పరుగెత్తుతుంది. చుట్టు చుట్టుకూ ఆ గడ్డి తగ్గి, ఆఖరి రెండు చుట్లలో మడిలోని కౌజులూ పిల్లలూ అన్నీ నడిమి ముక్కలో పోగవుతాయి, బ్లేడు అక్కడికే వస్తుంది. అదే నడిమి నుంచి బయటికి కోస్తే అంచు దాటి పోవడానికి వాటికి దారి ఉంటుంది.

ఇక్కడ ఒక చిక్కు. వెనక తగిలించే మోవర్ మామూలుగా కుడి పక్కకు ఉంటుంది. బయటి నుంచి లోపలికైతే గడియారం ముల్లు తిరిగినట్టు తిరగాలి. నడిమి నుంచి బయటికైతే దానికి ఎదురు తిరగాలి, లేకపోతే టైర్లు నిలబడ్డ గడ్డిని తొక్కేస్తాయి. పాయింటు దగ్గర మలుపు ఇరుకు, బలవంతంగా తిప్పితే మోవర్ లాగే కడ్డీ వంకర పోతుంది. పివట్ బాట మీద నడిమిదాకా పోయి, అక్కడ కొంత ముక్కను ముందుకూ వెనక్కూ నడిపి కోసుకుని, తర్వాత చుట్లు మొదలుపెట్టాలి. ముందు బ్లేడుండే పెద్ద మిషన్‌కు ఈ బాధ లేదు. ఫోర్‌మెన్ టైం పోతుందంటాడు. కోసే మడి అంతే, తిరిగే దూరం దాదాపు అంతే, పోయేది ఆ మొదటి ముక్క దగ్గర కాసేపు. రాత్రి కోత మానేయాలి. చీకట్లో పిట్ట కదలదు, లైటు పడితే ఉన్నచోటే నక్కుతుంది.

ఊర్లో తీతువు కూస్తే అపశకునమంటారు. మజ్రాలో అది తల మీద తిరుగుతూ అరిచిందంటే దగ్గర్లో గుడ్లో పిల్లలో ఉన్నట్టు. గూడంటూ ఏమీ ఉండదు, నేల మీద చిన్న గుంట, అందులో మట్టిరంగు మీద నల్ల మచ్చల గుడ్లు నాలుగు, మొనలన్నీ లోపలికి. గుర్తు కర్రను గుడ్ల పక్కనే పాతితే కాకికి దారి చూపినట్టే, పది అడుగులు ఎడంగా పాతాలి. చుట్టూ అయిదు మీటర్లు వదిలేస్తే పోయే గడ్డి 80 చదరపు మీటర్లు కూడా కాదు.

ఎలుకల మందుది ఇంకో తంటా. జింక్ ఫాస్ఫైడ్ కలిపిన గింజలు గట్ల మీద చల్లితే ఎలుక కన్నా ముందు పిట్ట తింటుంది. బ్రోమాడియోలోన్ అనే ఇంకో మందు తిన్న ఎలుక వెంటనే చావదు, రోజుల తరబడి మందకొడిగా తిరుగుతుంది, గద్దకు సులువుగా దొరికేది అదే. మందు బొరియలోనో డబ్బాలోనో పెట్టి, చచ్చిన ఎలుకలను పొద్దున్నే ఏరి పూడ్చాలి.

వలస జాడ తెలియడానికి పరిశోధకులు కాలికి రింగు వేసిన పిట్ట చచ్చి దొరికితే నంబరు ఫొటో తీయాలి. రష్యా రింగుల మీద మాస్కో పేరుంటుంది, మన దేశంలో వేసినవాటి మీద బాంబే పేరు. వీపు మీద జాడ చెప్పే చిన్న సోలార్ పెట్టె ఉంటే రూముకు తీసుకుపోవద్దు, అక్కడే సూపర్‌వైజర్‌కు చూపించాలి. 2011లో టెల్ అవీవ్ యూనివర్సిటీ పరికరమున్న రాబందును సౌదీలో గూఢచారి అనుమానంతో పట్టుకున్నారు. పిట్టనే అనుమానించినోళ్లు పెట్టె దాచుకున్న మనిషిని వదులుతారా? కౌజును పట్టి కూర వండుకోవడం కూడా అక్కడ చిన్న తప్పు కాదు.

సెలవుకొచ్చినప్పుడు చూడాల్సింది పడావు చెలకలు, గుట్టల కింది గడ్డి కంచెలు. అక్కడ చూసిన పిట్టే ఇక్కడికి వస్తుందని కాదు, జాతి అదే. పిల్లి గద్దలు చలికాలం మన బయళ్లలో గడిపి మార్చి, ఏప్రిల్‌లో తిరిగిపోతాయి. రాత్రిళ్లు చెట్టెక్కవు, మోకాలెత్తు గడ్డిలో నేల మీదే గుంపుగా పడుకుంటాయి. మనోళ్లు గాలి తగ్గిందని కంచెకు అగ్గి పెట్టేది కూడా ఆ మాపటి వేళే. కాల్చక తప్పకపోతే ఎండెక్కి అవి మేతకు పోయినాక కాల్చాలి, ఏప్రిల్ దాటేదాకా ఆగితే ఇంకా మేలు. అవి పడుకునే చోటు పట్టుకోవడం కష్టం కాదు. గడ్డి అణిగిన తావుల్లో అవి కక్కిన బొటనవేలంత ఎండు ముద్దలుంటాయి, పుల్లతో విప్పితే మిడత కాళ్లు బయటపడతాయి.