కాగితం మీద 4.9 కిలోలు

ఈమధ్య మన తమ్ముళ్లు ఇద్దరు, ఒకరు న్యూజిలాండ్ నుంచి ఒకరు కెనడా నుంచి, ఒకటే అడిగిన్రు. అన్నా, చెట్లు కోసే పనిలో చేరినం, సొంతంగా చెయిన్ సా కొనుక్కుందామనుకుంటున్నం, తేలికగా ఉండాలె, పొద్దంతా పనిచేయాలె, ఏది మంచిది అని. ఇద్దరికీ వాయిస్ మెసేజ్ పెట్టిన గానీ అది పావుగంట అయింది, సగం నాకే మళ్లీ వినబుద్ధి కాలే, అందుకే కూర్చొని రాస్తున్న.

నేనుండేది ఇంగ్లండ్‌లో డెవాన్. మా ఆవిడకు ఇక్కడ హాస్పిటల్లో నర్సు ఉద్యోగం వస్తే 2022లో డిపెండెంట్ వీసా మీద నేను కూడా వచ్చిన, మొదలు కొన్నాళ్లు గోడౌన్లో చేసి తర్వాత చెట్ల పనిలో గ్రౌండీగా చేరిన. గ్రౌండీ అంటే పైన తాడు మీద వేలాడుకుంటా కోసేటోడు ఒకడుంటే, కింద పడ్డ కొమ్మలన్నీ ముక్కలు చేసి, లాక్కుపోయి చిప్పర్లో, అంటే కొమ్మల్ని పొట్టు చేసే మిషన్లో, వేసేటోడు. డెవాన్‌లో రోడ్లు సన్నగా ఉంటయ్, రెండు పక్కలా మట్టి గట్లు, గట్ల మీద వరసగా చెట్లు, అందులో యాష్ చెట్లు చానా ఎక్కువ. ఆ యాష్‌కి ఫంగస్ జబ్బు పట్టింది, యాష్ డైబ్యాక్ అంటరు, ఈ దేశంలో 2012లో బయటపడ్డది, అప్పటి నుంచి రోడ్డు పక్కన ఎండిపోయిన చెట్లు కొట్టేసుడే కొట్టేసుడు. పక్షులు గూళ్లు పెట్టే కాలంలో పని కొంచెం తగ్గుతది, మళ్లీ సెప్టెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా ఊపిరాడదు. పొద్దున ఎనిమిదింటికి రంపం చేతిలోకి తీసుకుంటే చీకటి పడేదాకా అదే.

మొదటి కంపెనీలో నాకిచ్చిన రంపం పాతది, 70 సీసీ పైన, 20 అంగుళాల బారు, బారు అంటే చెయిన్ తిరిగే పొడుగు పట్టీ. పెద్ద మొద్దులు కోయడానికి అది సరే, కానీ దాంతోనే చేతి మందం కొమ్మలు కూడా కొట్టమన్నరు, వేరేది లేదన్నరు. కొత్తోడిని, నోరు మూసుకొని చేసిన. మూడు వారాలకు పొద్దున లేస్తే చాయ్ కప్పు పట్టుకున్న చెయ్యి వణికేది. ఒకరోజు బాగా చలిగా ఉంది, ఇంటికొచ్చి బూట్లు విప్పుతుంటే మా ఆవిడ చూసి, "ఏమండి, ఆ రెండు వేళ్లు అట్ల తెల్లగైనయ్ ఏంది" అన్నది. నేను చలికి అన్న. ఆమె నర్సు కదా, వేళ్లు నొక్కి చూసింది, రంపం అదురుకు వస్తదది, ముదిరితే మళ్లీ తగ్గదు, ఆ మిషన్ అన్నా మార్చు, పని అన్నా మార్చు అన్నది. ఆ రాత్రి నుంచి నేను రంపాల గురించి చదువుడు మొదలుపెట్టిన.

మొదలు తెలిసింది ఏందంటే, కంపెనీవాళ్లు కాగితం మీద రాసే బరువు మన చెయ్యి మోసే బరువు కాదు. ఉదాహరణకు స్టిల్ కంపెనీ రంపం ఎంఎస్ 261, 50 సీసీ, 3 కిలోవాట్లు, బరువు 4.9 కిలోలు అని ఉంటది. అది ఒట్టి ఇంజిన్ బరువు, బారు లేదు, చెయిన్ లేదు, పెట్రోల్ లేదు, చెయిన్‌కి పోసే ఆయిల్ లేదు. అర లీటర్ పెట్రోల్, పావు లీటర్ పైన ఆయిల్, 16 అంగుళాల బారు, చెయిన్ అన్నీ వేసి తూకం వేస్తే ఆరున్నర కిలోలు దాటుతది, నేను మా ఇంట్లో సూట్‌కేస్ తూకం వేసే కొక్కేనికి తగిలించి చూసిన. అన్ని కంపెనీలూ ఇట్లనే రాస్తయ్ కాబట్టి పోల్చుకోవడానికి అంకె పనికొస్తది, కానీ ఐదు కిలోలే కదా అనుకొని కొంటే మధ్యాహ్నానికి తెలుస్తది.

ఇక అదే 50 సీసీలో హస్క్‌వర్నా 550 ఎక్స్‌పీ మార్క్ 2 అయితే 5.3, ఎకో 501 అయితే 4.7. 261కీ 550కీ తేడా నాలుగొందల గ్రాములు, అదేపాటి అనిపిస్తది. కొమ్మలు కొట్టేటప్పుడు రంపం కింద పెట్టం కదా, లేపుడు దించుడు, పక్కకు తిప్పుడు, రోజుకు వెయ్యి సార్లు లేపినవనుకో, నాలుగొందల గ్రాములు నాలుగొందల కిలోలైతయ్. అందుకే గ్రాములు లెక్కపెట్టాలె, సిగ్గుపడొద్దు.

అట్లని మరీ చిన్నది కొనొద్దు, ఈ తప్పు చానామంది చేస్తరు. 43 సీసీ రంపాలు నాలుగున్నర కిలోలకే దొరుకుతయ్, పవర్ 2.2, 2.3 కిలోవాట్లు ఉంటది. కొమ్మలకు బంగారం. కానీ పచ్చి ఓక్ మొద్దులో పెట్టినవంటే నిదానంగా పోతది, నువ్వు పైనుంచి నొక్కుతవు, నొక్కితే నడుము పోతది, పది సెకన్ల పని ఇరవై సెకన్లు పట్టుకొని నిలబడాలె. బరువు ఒక్కటే కాదు, ఎంత బరువుకు ఎంత పవర్ ఇస్తుందో చూడాలె. నా వరకు రోజంతా చేతిలో ఉండేదానికి 50 సీసీ దగ్గర లెక్క సరిపోయింది. స్టిల్ 500ఐ అని ఫ్యూయల్ ఇంజెక్షన్‌ది ఉంది, 79 సీసీ, 6.2 కిలోలకే 5 కిలోవాట్లు, అద్భుతమైన మిషన్, ఇప్పుడు నేను పనిచేసే దగ్గర ఒకటి ఉంది, కానీ అది పెద్ద చెట్టు పడగొట్టేటప్పుడే వ్యాన్ లోంచి బయటికొస్తది.

ఇంటి వాడకానికి చేసేవి కూడా తేలికగానే ఉంటయ్, చవక కూడా, చూడగానే ఆశ పుడుతది. వాటి ఇంజిన్ కింది భాగం ఎక్కువగా ప్లాస్టిక్, ప్రొఫెషనల్‌వాటికి మెగ్నీషియం. ఆదివారం ఇంటెనక చెట్టు కొట్టుకునేటోడికి అది చాలు, వారానికి ఐదు రోజులు నడిపేటోడికి చాలదు. ముఖ్యంగా అదురు.

అదురు గురించి కొంచెం ఎక్కువ చెప్తా, ఎందుకంటే దుకాణంలో ఎవరూ చెప్పరు. ప్రతి రంపం మాన్యువల్లో ముందు పిడికి, వెనక పిడికి వేరువేరుగా ఒక అంకె ఉంటది, మీటర్ పర్ సెకండ్ స్క్వేర్ అని. ఇక్కడ 2005 నుంచి చట్టం ఉంది, ఎనిమిది గంటల పనికి సగటున 2.5 దాటితే యజమాని ఏదో ఒకటి చేసి తగ్గించాలె, 5 దాటనే కూడదు. రంపం అంకె 3.5 ఉందనుకో, నాలుగు గంటలు ట్రిగ్గర్ నొక్కితే ఆ 2.5 చేరుతవు. అంకె 5 ఉందంటే రెండు గంటలకే చేరుతవు. 7 ఉందంటే గంట. అంకె రెట్టింపైతే టైం సగం కాదు, నాలుగో వంతైతది, అది నాకు తెలిసిన రోజు పాత రంపం ముట్టుకోబుద్ధి కాలే. ఇంకోటి, మాన్యువల్ అంకె కొత్త రంపానిది, పదునైన చెయిన్‌తో. అదురు ఆపే స్ప్రింగులు వదులైనా, చెయిన్ మొద్దుబారినా ఆ అంకె నీది కాదు.

పదును అంటే నాకు మా నాయిన గుర్తొస్తడు. మాది భువనగిరి దిక్కు, నాయిన తాళ్లెక్కి కల్లు గీసేటోడు. మోకు, ముస్తాదు, నడుముకు కత్తులు, లొట్టి. పొద్దుగాల చెట్టు దగ్గరికి పోయేముందు చెక్క మీద పలుగురాయి పొడి వేసి కత్తి నూరేటోడు, బొటనవేలు అంచు మీద అడ్డంగా పెట్టి చూసేటోడు, నచ్చకపోతే మళ్లీ నూరేటోడు. మొండి కత్తితో గెల చెక్కితే కల్లు రాదు, చెయ్యి పోతది అనేటోడు. నడుముకు అవసరం లేని ఒక్క వస్తువు కట్టేటోడు కాదు. నేను ఈ దేశానికొచ్చి కొత్తగా నేర్చుకున్న అనుకున్నదాంట్లో సగం ఆయన మా వాకిట్లో చేసిందే.

ఆరున్నర కిలోల రంపం మొండి చెయిన్‌తో ఎనిమిది కిలోల లెక్క ఉంటది. రంపం కోస్తుంటే పెచ్చులు రాలాలె, సన్న పొట్టు రాలిందంటే మొద్దుబారినట్టే, అప్పుడే ఆపి ఆకురాయి పట్టాలె. .325 చెయిన్‌కి (ఆ అంకె లింకుల ఎడం, అంగుళాల్లో) 4.8 ఎంఎం గుండ్రటి ఆకురాయి, ప్రతి పన్నుకు రెండు మూడు గీతలు చాలు, ఐదు నిమిషాల పని. నేను పెట్రోల్ నింపిన రెండోసారల్లా రాస్తా. సన్న కోత చెయిన్ దొరుకుతది, దానికి తగ్గ సన్న బారు వేస్తే కోతకు పవర్ తక్కువ పడుతది, బరువు కూడా తగ్గుతది.

బారు పొడుగు దగ్గర పొగరు పనికిరాదు. 20 అంగుళాలది చూడ్డానికి బాగుంటది, కానీ బరువంతా ముక్కు దగ్గర ఉంటది, ఆ ముక్కును ఎత్తి పట్టేది నీ ఎడమ మణికట్టు. నేను 15 అంగుళాలది వేసిన, దానికన్నా లావు మొద్దు వస్తే రెండు వైపుల నుంచి కోస్తా. లోపల గుల్ల చేసిన తేలిక బార్లు కూడా వస్తయ్, ధర ఎక్కువ, కానీ ముక్కు దగ్గర తగ్గిన వంద గ్రాములు పిడి దగ్గర తగ్గిన మూడొందల లెక్క.

బ్యాటరీవి గురించి కూడా అడిగిన్రు. చెట్టు మీద ఉన్నోడికి బాగుంటయ్, స్టార్ట్ చేయడానికి తాడు గుంజుడు లేదు, చప్పుడు తక్కువ, కింద నుంచి అరిస్తే వినిపిస్తది. కింద పొద్దంతా పనికి నేనింకా పెట్రోల్‌దే వాడుతున్న. వాటి బరువు బ్యాటరీ లేకుండా రాస్తరు, పెద్ద బ్యాటరీ ఒక్కటే రెండు కిలోల దాకా ఉంటది, రోజంతా అంటే నాలుగైదు మోసుకుపోవాలె, చలికి తొందరగా దిగుతయ్. ఒక్క మాట గట్టిగా చెప్తా, పైన పిడి ఉండే చిన్న రంపాలుంటయ్ కదా, ఎకో 2511 అయితే 2.3 కిలోలే, అది చూసి తేలికగా ఉందని కింద పనికి కొనకున్రి. అవి చెట్టెక్కి పనిచేయడానికి ట్రైనింగ్ అయినోళ్ల కోసం చేసినయ్, ఒంటి చేత్తో పట్టబుద్ధి అయితది, కిక్‌బ్యాక్ కొడితే, అంటే బారు ముక్కు దేనికన్నా తగిలి రంపం ఎగిరి వెనక్కి కొడితే, మొహం మీదికే వస్తది. తేలిక రంపమైనా రెండు చేతులతోనే పట్టాలె.

దుకాణానికి పోయేటప్పుడు నీ గ్లౌజులు, నీ బూట్లు వేసుకొని పో. ఖాళీ రంపం చేతికిస్తే వద్దను, పెట్రోల్, ఆయిల్ నింపి, నువ్వు వాడే బారు వేసి ఇమ్మను. మోకాళ్ల ఎత్తులో పట్టుకొని కొమ్మలు కొడుతున్నట్టు అటూ ఇటూ తిప్పు, తర్వాత అడ్డంగా తిప్పి చెట్టు మొదలు కోస్తున్నట్టు వంగు, పది నిమిషాలు. అప్పటిదాకా బ్రాండ్ చెప్పకు, రంగు చూడకు. ఎయిర్ ఫిల్టర్ మూత పానా లేకుండా ఊడుతదా, బారు నట్లు మూతకే అంటుకొని ఉంటయా లేక బురదలో పడిపోతయా, గ్లౌజులతో స్విచ్ అందుతదా చూడు. మీ ఊళ్లో ఏ బ్రాండ్ రిపేర్ షాపు దగ్గరుందో అది కూడా అడుగు, శుక్రవారం చెడిపోతే సోమవారానికి కావాలె కదా.

నేను 261 కొన్న. రెండు చలికాలాలు నడిచింది, మూడోది నడుస్తున్నది, ఒక బారు మార్చిన, ఒకసారి స్ప్రింగు మార్చిన. వేళ్లు మళ్లీ తెల్లబడలే, మా ఆవిడ ఇప్పటికీ చలి రోజుల్లో ఇంటికి రాంగనే ముందు చేతులు చూపియ్యమంటది. కొన్న రోజు నాయినకు వీడియో కాల్ చేసి చూపించిన. ధర అడుగలే, ఎన్ని సీసీలని అడుగలే, పండ్లు దగ్గరగా చూపియ్యి బిడ్డా అన్నడు. ఫోన్ చెయిన్ దగ్గర పెట్టి ఒక్కో పన్ను చూపించుకుంటా పోయిన, కళ్లద్దాలు పెట్టుకొని మొత్తం చూసిండు.